అరువు అభిప్రాయాలు

పరీక్షలు పిల్లలకన్నది పేరుకే. పరీక్షల నెల వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ పరీక్షే! టీవీ నోరు నొక్కేస్తాం, చుట్టాలను తర్వాత రమ్మంటాం, అర్ధరాత్రి లేచి పాలు కాచి ఇస్తాం. అంతా బాగానే ఉంది గాని, ఇంగ్లీషు సాహిత్యం ఎలా చదవాలమ్మా అని పిల్ల అడిగితే మాత్రం "గైడు బట్టీ పట్టు" అంటాం. అక్కడే నాకో ధర్మసందేహం.

మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న మా అక్క కూతురికి షేక్స్పియర్ 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' పాఠం. పోర్షియా స్వభావం చెప్పవే అంటే రెండు పేజీల జవాబు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. తెలివైనదట, దయామయి అట, ఆదర్శ వనిత అట! "నీకూ అలాగే అనిపించిందా?" అన్నాను.

"నాకనిపించటమేమిటి పిన్నీ? గైడులో ఉందిగా!" అంది తెల్లబోయి.

చీటీ జేబులో ఉంటే నేరం. అదే చీటీ బుర్రలో ఉంటే ప్రతిభా?

అలాగని కంఠతా పట్టడాన్ని నేను చిన్నబుచ్చను. మన అమ్మమ్మలు పోతన పద్యాలు నోటికి నేర్చుకున్నవాళ్ళే. అయితే వాళ్ళు పట్టింది కవి మాటను, దానిమీద ఇంకొకరి అభిప్రాయాన్ని కాదు. కవి మాట మనసులో ఉంటే ఎప్పుడో ఒకనాడు దానంతటదే అర్థం చెప్తుంది. గైడు జవాబు పరీక్ష హాలు గుమ్మం దాటదు.

ఆ నాటకమే చూడండి. 3,000 డకట్ల అప్పు గడువుకు తీరలేదని ఆంటోనియో ఒంట్లోంచి పౌను మాంసం కోస్తానంటాడు షైలాక్. వకీలు వేషంలో వచ్చిన పోర్షియా, దయ బలవంతాన వచ్చేది కాదని ఎంతో అందంగా చెప్తుంది. చివరికేమయింది? షైలాక్ ఆస్తిలో సగం ఆంటోనియో చేతికి వెళ్ళింది. పైగా మతం మార్చుకోవాలన్నారు. పోర్షియా కాదనలేదు! దయ గురించి అంత చెప్పినావిడ ఎందుకూరుకుంది? పుస్తకం మూసి తనను తాను అడుక్కున్న పిల్లకే ఈ ప్రశ్న తోస్తుంది.

పుస్తకం మూయటంలో ఇంకో లాభమూ ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థుల్లో కొందరిచేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు. కొందరిచేత చదివించి, చూడకుండా గుర్తున్నది వ్రాయించారు. అయిదు నిమిషాల తర్వాత చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత వ్రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది.

అందుకే మా పిల్లకు చెప్పాను: "ఒక రంగం చదివి, వంటింట్లోకి వచ్చి కథ నాకు చెప్పు. ఎవరు, ఎందుకు ఆ మాటన్నారో చెప్పు. తడబడ్డ చోటే మళ్ళీ చదువు. ఒక్కొక్క పాత్రకు నాలుగు చిన్న మాటలు, షేక్స్పియర్‌వే, నోటికి పట్టు. తర్వాత గడియారం ఎదుట పెట్టుకుని పాత ప్రశ్నకు జవాబు వ్రాయి. గైడంటావా, ఆఖర్న చూడు. పక్కింటావిడ సలహా లాంటిది. విను గాని నిర్ణయం నీది."

మరి మార్కులు తగ్గితే? అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. దిద్దేవాళ్ళలో గైడు జవాబుకే అలవాటు పడ్డవాళ్ళూ ఉండొచ్చు. రెండు మార్కులు పోనూవచ్చు.

కాని, పెళ్ళిచూపుల్లో "నీ ఇష్టమేమిటమ్మా?" అని అడిగితే అమ్మ ముఖం, నాన్న ముఖం చూసే ఆడపిల్లలు మనకు కొత్తా? ఎన్నో ఏళ్ళు ఎవరి అభిప్రాయాలో చక్కటి దస్తూరీలో వ్రాసి మెప్పు పొందిన పిల్లకు, తనదంటూ ఒక మాట ఆ పూటకి ఎక్కడినుంచి వస్తుంది? పోర్షియా మంచిదో కాదో ఇప్పుడే తన మాటగా వ్రాయనిద్దాం. తప్పయితే దిద్దుకుంటుంది. అసలు లేని అభిప్రాయాన్ని ఎలా దిద్దుకుంటుంది చెప్పండి?