రాధ పేరు ఎవరికి గుర్తుంది?

తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య పల్లెల్లో ‘చింతామణి’ నాటకం పేరు వినని పెద్దవాళ్లు తక్కువ. చెరుకుపల్లి వైపు ఎవర్నైనా కదిపి చూడండి. సుబ్బిశెట్టి గుర్తుంటాడు, భవానీశంకరం గుర్తుంటాడు. బిల్వమంగళుడి పెళ్లాం పేరేంటని అడిగితే మాత్రం కాసేపు తడుముకుంటారు. ఆమె పేరు రాధ.

కాళ్లకూరి నారాయణరావు ఈ నాటకం రాసేనాటికి ఆంధ్రదేశంలో శీలం గురించిన పట్టుదల బలంగా ఉంది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు భోగంమేళాలు వద్దని పోరాడిన తరం అది. సానింటికి పోతే సంసారం గుల్లవుతుందని నాటకం చెప్పింది, సరే. ఆ గుల్లయిన సంసారంలో కూచున్న మనిషి సంగతేంటి? చింతామణికి వైరాగ్యం దక్కింది. బిల్వమంగళుడు లీలాశుకుడై తరించాడు. తప్పు చేసినవాడికి మోక్షం, చెయ్యనిదానికి ఓర్పు. ఈ లెక్క నాకెప్పుడూ మింగుడు పడలేదు.

ఆర్థర్ మిల్లర్ 1953లో రాసిన ‘ద క్రూసిబుల్’లో ఎలిజబెత్ ప్రోక్టర్ కూడా ఇలాంటి ఇల్లాలే. 1692, సేలం, ప్యూరిటన్ల ఊరు. మొగుడికి పనిపిల్లతో సంబంధం ఉందని ఆమెకి తెలుసు. అతనేమో కోర్టులో తన తప్పు ఒప్పేసుకుని, నా భార్య అబద్ధమాడదు, పిలిచి అడగండి అంటాడు. ఆమె వచ్చి, అతని పరువు కాపాడ్డానికి, అలాంటిదేం లేదంటుంది. ఆ ఒక్క అబద్ధంతో అతని వాదన కూలిపోతుంది.

ఇది పాపమా, ప్రేమా అని చర్చించుకోవచ్చు. నాకు తోచేది వేరు. తప్పు అతనిది, పరీక్ష ఆమెకి ఎందుకు పెట్టారు? మన ఊళ్లలో చిన్నిల్లున్నవాడి భార్య ఇలాంటి అబద్ధం ఎన్నిసార్లు ఆడుతుందో. “ఆయన లేరండీ, పనిమీద రేపల్లె వెళ్లారు.” విన్నవాళ్లకీ నిజం తెలుసు. అయినా ఆమె నోటితో చెప్పించుకునే వెళ్తారు. నిజం చెబితే సంసారం వీధిన పడేసిందంటారు, దాచిపెడితే చేతగానిదంటారు.

ఇంతకన్నా బాధ కలిగించేది మిల్లర్ నాటకం చివర ఉంది. తన ముభావమే అతన్ని బయటికి నెట్టిందని ఎలిజబెత్ తనే ఒప్పుకుంటుంది. దాన్ని గొప్ప క్షమాగుణమని చాలామంది మెచ్చుకుంటారు. నాకు మాత్రం “మొగుణ్ణి కొంగున కట్టేసుకోవడం చేతకాలేదు” అనే మన అరుగుమీది మాటే వినిపిస్తుంది. అన్నట్టు, చరిత్రలో ఈ సంబంధమే లేదు. నిజమైన ప్రోక్టర్ అప్పటికి అరవై దాటినవాడు, అబిగెయిల్ పదకొండు పన్నెండేళ్ల పిల్ల. ద్రోహం మిల్లర్ కల్పించాడు. దానికి బాధ్యతలో వాటా కూడా భార్య నోటితోనే అడిగించాడు.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేశాయి. సుబ్బిశెట్టి తరఫున మాట్లాడ్డానికి ఒక కులం ఉంది.