తాళపుచెవి ఎవరి యొద్ద?

పట్టణములలోని సమాజ భవనములకు యువకులు రావడము లేదని పెద్దలు వాపోవుచున్నారు. చెన్నపట్నం షావుకారుపేటలో గాని, బెంగుళూరు చిక్కపేటలో గాని నలుగురు కూడినచో ఇదే మాట. పర్యుషణ దినములలో కాలుపెట్ట చోటుండదు. పండుగ దాటిన పిమ్మట పెండ్లిండ్లకు తప్ప హాలు తలుపు తెరువరు.

కొట్టు మూసి బేరములు లేవని ఏడ్చు వర్తకుని చూచి లోకము నవ్వును. నేటి పిల్లవాడు తండ్రి గద్దె మీద కూర్చుండుట లేదు. ఆడిటరు ఆఫీసులోనో, కంప్యూటరు కంపెనీలోనో పనిచేసి రాత్రి ఏడింటికి బయటపడుచున్నాడు. వ్యాఖ్యానమా, ఉదయము తొమ్మిదింటికి. భోజనశాల సూర్యాస్తమయమునకు ముందే మూత. అది ధర్మనియమము, దానిని మార్చుమని ఎవరును అనరు. కాని ఏడు మొదలు తొమ్మిది వరకు భవనము చీకటిలో నుండుట ఏ శాస్త్రనియమము? సామాయికమునకు 48 నిమిషములు చాలును. కూర్చుండుటకు గది మాత్రము తెరిచియుండవలెను.

కుర్చీలు విరుగుననియు, క్యారమ్సు ఆడుదురనియు పెద్దల భయము. సాధువులు బసచేయు ఉపాశ్రయపు కట్టుబాటు సడలింపరాదు, నిజమే. క్రింది హాలు సంగతి వేరు. అసలు అడ్డు మమకారము. చందా ఇచ్చినది తాతగారు, చలువరాతి పలకపై పేరు ఆయనది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున వస్తువుపై గల మూర్ఛనే పరిగ్రహమనెను. ఇనుపపెట్టెలోని సొమ్ముపై మమత పరిగ్రహమైనప్పుడు, ట్రస్టు తాళపుచెవుల గుత్తిపై మమత ఏల కాదు?

పెద్దవాడు చిన్నవారికి అప్పగించుట ఎట్లో దిగంబర సంప్రదాయములోని ధరసేనాచార్యుల కథ చెప్పును. గిరినగరమున చంద్రగుహలో నుండి, తాను నేర్చిన శ్రుతము తనతో అంతరించునని బెంగపడి, ఆయన దక్షిణాది మునులకు లేఖ పంపెను. వారు ఆంధ్రదేశమునుండి ఇద్దరు సమర్థులను పంపిరి. ఆచార్యుడు వారికి రెండు మంత్రవిద్యలిచ్చెను: ఒకదానిలో అక్షరము ఎక్కువ, రెండవదానిలో తక్కువ. ఇద్దరును తప్పు కనిపెట్టి తామే దిద్దుకొనిరి. గురువు ఇచ్చినదానిని శిష్యులు దిద్దిరని ఆయన కోపింపలేదు. సంతోషించి పాఠము మొదలిడెను. ఆ పుష్పదంత భూతబలులే షట్ఖండాగమకర్తలు. పిల్లలు రాలేదని నిందించుచు ఆయన గుహలో కూర్చుండియుండిన ఆ గ్రంథమే లేదు.

వారమునకు రెండు రాత్రులు హాలు, తాళము, ఖర్చుల చిట్టా ముగ్గురు యువకుల చేతికిచ్చి, నెలనెలా లెక్క అడుగవచ్చును. కుర్చీ విరిగినచో వారే బాగుచేయింతురు. ఆ ముగ్గురిలో ఒకరు ఆడపిల్ల కావలెను. ఇంటింటను ఆడపిల్లలు సి.ఏ. చదివి పెద్ద పెద్ద కంపెనీల పద్దులు తనిఖీ చేయుచున్నారు. సొంత భవనపు పద్దు వారికి చూపుటకు కమిటీవారు జంకుట ఎందులకో!