రుచి పోతే తిండి మానవచ్చా?

2020, 2021 సంవత్సరాల్లో కరోనా మన ఊళ్లను చుట్టుముట్టినప్పుడు ఎందరికో ఒక వింత పరీక్ష ఎదురైంది. జ్వరం తగ్గింది, ఒళ్లునొప్పులు పోయాయి. కాని నోట్లో పెట్టుకున్న ముద్ద మట్టిలా ఉంది. 2020 జూన్ 13న కేంద్ర ఆరోగ్య శాఖ వాసన, రుచి పోవడాన్ని కూడా ఆ వ్యాధి లక్షణాల్లో చేర్చింది. మన ఐరాల ప్రాంతంలో బెల్లం కాగుతూంటే దారిన పోయేవారికి కూడా ఆ కమ్మదనం తెలుస్తుంది. ఆ వాసన కూడా తెలియని స్థితి అది! చాలామందికి కొన్ని వారాల్లో నయమైంది, కొందరికి నెలలు పట్టింది. ముసలితనం, తలకు దెబ్బ, క్యాన్సర్ చికిత్స, కొన్ని రకాల మందులు కూడా మనిషిని ఈ స్థితికి తెస్తాయి.

ఇక్కడ రెండు ప్రశ్నలు పుడతాయి. రుచి పోవడం నిజంగా నష్టమేనా? రుచి లేనప్పుడు తినడం దేనికి?

రుచి అల్పమైనదా?

“నాలుక రుచులు నఫ్స్ కోరే సుఖాలు. పోతే పోనీ, మేలే” అనుకునే భక్తిపరులు కొందరున్నారు. ఇది ధర్మం చెప్పే మాట కాదు. అల్ బలద్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తుచేస్తూ కళ్లతోపాటు నాలుకనూ, పెదవులనూ ప్రస్తావించాడు. ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’లో కృతజ్ఞతను వివరించడానికి తిండినే ఉదాహరణగా తీసుకున్నారు. రుచి తెలియని మనిషిని ఆయన చెట్టుతో పోల్చారు. మొదట్లో ఏ ద్రవం పోసినా చెట్టు పీల్చుకుంటుంది, అదే దానిని ఎండబెట్టవచ్చు. రుచి అనేది అల్లాహ్ నిలిపిన కాపలాదారు అన్నమాట.

హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథం ‘హిదాయా’ తీర్పు ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒకడు కొట్టిన దెబ్బకు మరొకరి చూపు పోతే ఎంత పరిహారమో, వాసన గాని రుచి గాని పోయినా అంతే. పూర్తి దియత్, అంటే నూరు ఒంటెలు! షరీఅత్ ఇంత విలువ కట్టినదాన్ని మనం తేలిగ్గా తీసిపారేయగలమా?

నష్టం ఎక్కడుంది?

నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రసంలో ఉండే ఒక కమ్మదనం మాత్రమే. మిగిలిన రుచులన్నీ నిజానికి వాసనలే. నమిలేటప్పుడు అవి గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరతాయి. అందుకే ముక్కు పని చేయకపోతే నాలుక చచ్చిపోయిందంటాం. మిరప కారం రుచీ కాదు, వాసనా కాదు, అది మంట. కనుక అదొక్కటి మిగులుతుంది. దాంతో కొందరు కారం, ఉప్పు, చక్కెర పెంచుకుంటూ పోతారు. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అది మీరితే రక్తపోటు పెరుగుతుంది. ఇంకొందరు తినడమే తగ్గించి చిక్కిపోతారు. పాచిపోయిన కూరనూ, గ్యాసు లీకునూ పసిగట్టలేకపోవడం మరో ప్రమాదం.

దేహం మన సొత్తు కాదు

దేహం అల్లాహ్ అప్పగించిన అమానతు. ఎడతెగక ఉపవాసాలు పాటిస్తూ, రాత్రంతా నమాజులో గడిపే అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) గారికి దైవప్రవక్త (సఅసం) దేహానికి కూడా ఆయనపై హక్కు ఉందని బోధించారు. ఆరాధన కోసమైనా దేహపు హక్కు కాజేయరాదన్నప్పుడు, రుచి లేదన్న కారణంతో దానిని పస్తు పెట్టడం ఎలా సబబవుతుంది?

ఆకలి, రుచి పిలిచినప్పుడు తినడం సహజం. పశువూ తింటుంది. ఏ పిలుపూ లేనప్పుడు, ఆరాధనకు బలం కావాలన్న నియ్యత్‌తో, బిస్మిల్లాహ్ అని తినే ముద్ద మాత్రం ఇబాదతే. సబ్ర్ అంటే తిండి మానడం కాదు, రుచి లేకున్నా తినడం.

అలాంటివారు ఆకలి కోసం ఎదురుచూడకుండా వేళ ప్రకారం కొద్దికొద్దిగా తినాలి. గుడ్డు, పప్పు, పెరుగు, చెనిక్కాయలు వదలరాదు. ఉప్పుకు బదులు నిమ్మరసం వాడుకోవచ్చు. వ్యాధిగ్రస్తులకూ, దుఃఖంలో ఉన్నవారికీ ప్రవక్త (సఅసం) సూచించిన తల్బీనా బార్లీ జావే. మన రాగిజావ కూడా అలాంటి మెత్తని ఆహారమే. బరువు తగ్గుతుంటే వైద్యుణ్ణి కలవాలి. మందుల వల్లనే అని అనుమానం ఉన్నా, వాటిని సొంతంగా మానరాదు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలాలను రోజుకు రెండుసార్లు వాసన చూసే సాధనను జర్మనీ వైద్యులు 2009లో వెల్లడించారు. ఓపికగా పన్నెండు వారాలు చేయాలి. కొందరికి మేలు జరుగుతుంది.

ఇంటివారి వంతు

ప్రవక్త (సఅసం) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇది ఆరోగ్యవంతులమైన మనకు పాఠమే గాని, రోగిని దెప్పడానికి ఆయుధం కాదు. ముసలి అత్తగారు “కూరలో ఉప్పు లేదు” అంటే అది కోడలి వంటకు పెట్టిన వంక కాకపోవచ్చు, ఆమె నాలుక చెప్పుకునే బాధ కావచ్చు. ఒంటరిగా కంచం ముందు కూర్చోబెట్టకుండా అందరూ ఒకే దస్తర్‌ఖాన్‌పై కూర్చోండి. కలిసి తినడంలో బరకత్ ఉందని హదీసుల ద్వారా తెలుస్తోంది. రుచి చేయలేని పనిని ఆప్యాయత చేస్తుంది.

ఇక రుచి తెలిసే మనం? ఈ రాత్రి ముద్ద నోట పెట్టుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగి, మనసారా అల్‌హమ్దులిల్లాహ్ అందాం. అల్లాహ్ వ్యాధిగ్రస్తులకు స్వస్థతను, మనకు కృతజ్ఞతా హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.