మద్యనిషేధాన్ని పార్టీల చేతికి అప్పగించవచ్చా?

ఎన్నికలు దగ్గర పడినప్పుడల్లా మన తెలుగు నేల మీద మద్యనిషేధం మాట మళ్ళీ వినిపిస్తుంది. "ఏ పార్టీ తాగుడు మాన్పిస్తుందో ఆ పార్టీకే మన ఓటు" అనే సోదరులు మన జమాఅత్‌లో ఉన్నారు. "మద్యం మనకు ఎలాగూ హరామ్. ఇతరులు తాగితే మనకేమిటి?" అనేవారూ ఉన్నారు. మొదటి మాటలో ధర్మం పట్ల ఆవేశం ఉంది. రెండో మాటలో తన దీన్ తాను కాపాడుకుందామనే జాగ్రత్త ఉంది. అయినా ఈ రెండూ సరైన మాటలు కావని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ విషయం ఆలోచించడానికి హైదరాబాదులోని ఫిల్మ్ నగర్ తగిన చోటు. జూబ్లీహిల్స్ కొండల మీద సినిమా వారి బంగళాలు, వాటి పక్కనే రాళ్ళ నడుమ ఇరుకు బస్తీలు, దిగువకు వస్తే షేక్‌పేట, టోలీచౌకి, అక్కడి మస్జిదులు. సెట్లు కట్టే వడ్రంగులు, లైట్లు మోసేవారు, దుస్తులు కుట్టే దర్జీలు, డ్రైవర్లు ఆ బస్తీలలో ఉంటారు. వారిలో మనవారు కూడా ఉన్నారు. తెలుగువారు మద్యనిషేధం విషయంలో ఎవరి మాట నమ్మారో ఆ కథానాయకుడు కూడా సినిమా లోకం నుంచి వచ్చినవాడే.

కాని నిషేధాన్ని మొదట అడిగింది ఆయన కాదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట అనే చిన్న ఊరి ఆడవారు అడిగారు. 1992లో అక్షరాస్యత తరగతులకు వెళ్ళి నాలుగక్షరాలు నేర్చుకున్న ఆ స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతటా తెలిసింది. వారు ఏ పార్టీ జెండా పట్టలేదు. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతున్నాయి, ఇంట్లో పొయ్యి వెలగడం లేదు, రాత్రి దెబ్బలు తప్పడం లేదు. వారి వాదమంతా ఇంతే. ఊరూరా ఆ మంట అంటుకుంది. సారా వేలం పాటలు అడ్డుకున్నారు, పాకెట్లు తగులబెట్టారు. చివరకు కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించింది.

ఆ తరువాత పార్టీలు ముందుకు వచ్చాయి. ఎన్.టి.రామారావు సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేశారు. 1994 డిసెంబరులో అఖండ విజయం సాధించి, లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం నాడే ఆ ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. 1980లలో ఆయన ప్రభుత్వ కాలంలోనే వారుణి వాహిని పేరుతో సారా పాకెట్లు పల్లెపల్లెకూ చేరాయి. ఇది ఆయనను నిందించడానికి చెప్పడం లేదు. మనిషి తప్పు దిద్దుకుంటే సంతోషించవలసిందే, తౌబా ద్వారం అందరికీ తెరిచే ఉంటుంది. కాని ఖజానా నిండడానికి సారా పోసిన రాజకీయం, ఓట్లు నిండడానికి సారా ఆపితే, ఆ ఆపడం ఎంతకాలం నిలుస్తుంది?

రెండేళ్ళకు పైగా నిలిచింది. 1995లో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1997లో నిషేధం ఎత్తివేశారు. పొరుగు రాష్ట్రాల నుండి దొంగసరుకు వస్తోందనీ, ఆదాయం లేక సంక్షేమ పథకాలు నడవడం లేదనీ కారణాలు చెప్పారు. ఆ కారణాలు పూర్తిగా అబద్ధాలు కావు. సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. దాని స్థానాన్ని సీసా మద్యమూ, గుడుంబా పంచుకున్నాయి.

అదే కథ ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ జరిగింది. 2019 ఎన్నికలలో జగన్‌మోహన్‌రెడ్డి పార్టీ దశలవారీ నిషేధం వాగ్దానం చేసింది. అయిదేళ్ళలో మద్యాన్ని అయిదు నక్షత్రాల హోటళ్ళకే పరిమితం చేస్తామన్నారు. 2019 అక్టోబరు 1 నుండి దుకాణాలను ప్రభుత్వమే తీసుకుని వాటి సంఖ్య తగ్గించింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. ఆ జూలైలోనే ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2022లో ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లు అమ్మి 8 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చింది. ఆ అప్పు తీర్చవలసింది మద్యం రాబడితోనే. రేపటి తాగుడును తాకట్టు పెట్టి అప్పు తెచ్చినవాడు రేపు తాగుడు మాన్పిస్తాడని ఎవరు నమ్మాలి? 2024లో ప్రభుత్వం మారింది. అక్టోబరులో 3,396 ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి, 99 రూపాయల సీసా వచ్చింది. వాగ్దానం మాత్రం ఈసారి తలకిందులైంది. తక్కువ ధరకు మంచి మద్యం ఇస్తామని ఎన్నికల సభలలో బహిరంగంగా చెప్పి ఓట్లడిగారు.

తెలంగాణలో అయితే నిషేధం మాట ఎత్తే పెద్ద పార్టీయే కనబడదు. 2023లో మద్యం దుకాణాల లైసెన్సుల కోసం లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రుసుము, అదీ తిరిగి ఇవ్వనిది. లాటరీలో దుకాణం రానివారి నుండి కూడా ఖజానాకు సొమ్ము చేరింది. మొత్తం 2,600 కోట్లు దాటింది. పింఛను, స్కాలర్‌షిప్పు, ఆడపిల్ల పెళ్ళికి సాయం ఇలాంటి ఖజానా నుండే వస్తున్నాయి. 'మరి అది తీసుకోవచ్చా?' అని అడిగే ధర్మభీరువులు ఉన్నారు. హలాల్, హరామ్ కలిసిన ఖజానా నుండి హక్కుదారు తన హక్కు తీసుకోవడం గురించి ధర్మపండితులు చాలా చర్చించారు. స్థానిక ముఫ్తీ గారిని అడగండి. నా మనసును కలవరపెట్టేది వేరే ప్రశ్న. ఒక పేదవాడి పింఛను మరొక పేదవాడి కాలేయం మీద ఆధారపడిన ఏర్పాటును మనం మంచి పాలన అని మెచ్చుకోవచ్చా?

అంతకు ముందు ఒకసారి, నిషేధాన్ని వదలను అన్నందుకు ఒక ప్రభుత్వమే పడిపోయింది. ఆంధ్ర రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తివేయాలని రామమూర్తి కమిటీ సిఫారసు చేసింది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం ఓడిపోయింది. ఇది చదివి ప్రకాశం గారి పట్టుదలను మెచ్చుకోవడం సులభం. కాని అవతలి పక్షాన గౌతు లచ్చన్న ఉన్నారు. ఆయన అడిగింది గీత కార్మికుల బతుకు గురించి. తాటిచెట్టు ఎక్కే మనిషిని జైలులో పెట్టి, అతని పిల్లలకు వేరే కూడు చూపకపోతే ఆ నిషేధం న్యాయమవుతుందా? ఈ ప్రశ్నను తాగుబోతుల వాదమని కొట్టివేయడం మనకు తగదు.

అమెరికాలో 1893లో పుట్టిన యాంటీ సెలూన్ లీగ్ ఓట్ల లెక్కతో నిషేధం సాధించింది. అభ్యర్థి ఏ పార్టీవాడు, ఇంట్లో తాగుతాడా లేదా అని అది చూడలేదు. సభలో నిషేధానికి ఓటు వేస్తే చాలు. 1920లో నిషేధం వచ్చింది, 1933లో రాజ్యాంగాన్ని మళ్ళీ సవరించి ఎత్తివేశారు. ఈ ఉదాహరణ చెప్పి, వెంటనే మదీనాను చూపి, 'చూశారా, చట్టం ఓడింది, ఈమాన్ గెలిచింది' అని ముగించే ప్రసంగాలు మనం చాలా విన్నాం. అందులో నిజం ఉంది. అయితే అది సగం నిజమే.

మదీనాలో ఏం జరిగిందో ఒకసారి నెమ్మదిగా చూద్దాం. దివ్య ఖుర్ఆన్ మొదట మద్యంలో కొంత లాభం, పెద్ద పాపం ఉన్నాయని, పాపమే లాభం కంటే పెద్దదని తెలిపింది (అల్ బఖరా: 219). తరువాత మత్తులో ఉన్నప్పుడు నమాజు దరిదాపులకు రావద్దని ఆదేశించింది (అన్ నిసా: 43). ఆ తరువాతే అది షైతాను పనులలోని మాలిన్యమని ప్రకటించి పూర్తిగా మానుకోవాలని ఆజ్ఞాపించింది (అల్ మాయిదా: 90, 91). ఉహద్ యుద్ధం నాటికి కూడా ఈ చివరి ఆదేశం రాలేదు. అంటే ప్రవక్త పదవి లభించిన తరువాత కనీసం పదిహేనేళ్ళు గడిచాయి. మొదటి రోజే మద్యం తాగవద్దని చెప్పి ఉంటే ప్రజలు మేము మానము అనేవారని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. ముందు స్వర్గ నరకాల గురించి తెలిపే సూరాలు దిగి హృదయాలు సిద్ధమయ్యాయి. అందుకే చాటింపు వినబడగానే అబూ తల్హా (రజి) ఇంట్లో మద్యం పోస్తున్న అనస్ (రజి)కు దాన్ని పారబోయమని ఆదేశం అందింది. మదీనా వీధుల్లో మద్యం పారింది. కాపలా పెట్టవలసిన అవసరం రాలేదు.

ఇక మిగతా సగం. ఆ తరువాత కూడా తాగినవారు ఉన్నారు. వారికి శిక్ష పడింది. మదీనాలో ఈమాన్ ఉంది, చట్టమూ ఉంది. పదే పదే తాగి శిక్షకు వచ్చిన ఒక సహచరుని గురించి సహీహ్ బుఖారీలో వస్తుంది. ఎవరో అతన్ని శపించారు. దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. చట్టం అతన్ని విడిచిపెట్టలేదు, ప్రవక్త (స) కారుణ్యమూ అతన్ని విడిచిపెట్టలేదు. మన మొహల్లాలలో తాగేవాని పట్ల మన తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అతనికి చికిత్స లేదు, అదుపు లేదు, ఎగతాళి మాత్రం ఉంది.

చట్టానికి హద్దు కూడా ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒక ఇంటి గోడ దాటి లోపలికి వెళ్ళి మద్యంతో ఉన్న మనిషిని పట్టుకున్న వృత్తాంతం గ్రంథాలలో చెబుతారు. నేను ఒక తప్పు చేస్తే మీరు మూడు చేశారని ఆ మనిషి అన్నాడట: కూపీ లాగారు, వాకిలి విడిచి గోడ దూకారు, సలాం చెప్పకుండా వచ్చారు. ఖలీఫా అతన్ని వదిలి వెనుదిరిగారు. బీహార్‌లో 2016 ఏప్రిల్‌లో నిషేధం వచ్చాక జైళ్ళు పేదలతో నిండి, చట్టాన్ని 2018లో, 2022లో సడలించవలసి వచ్చింది. గోడలు దూకే అధికారం పోలీసులకు ఇచ్చేముందు ఈ వృత్తాంతం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ఇస్లామీ రాజ్యంలో కూడా ముస్లిమేతరులు తమ మతంలో అనుమతించబడిన మద్యం విషయంలో శిక్షకు గురికాలేదు. ముస్లిము వారి మద్యాన్ని పారబోస్తే దాని విలువ చెల్లించాలని హనఫీ పండితులు తీర్పు చెప్పారు. అటువంటప్పుడు ముస్లిములు అల్పసంఖ్యాకులైన ఈ రాష్ట్రాలలో అందరి మీదా నిషేధం కావాలని మనం ఏ ముఖంతో అడుగుతాం? మన షరీఅత్ హరామ్ అన్నది కనుక అందరూ మానాలి అని అడగలేము. అలా అడగడం షరీఅత్ కూడా నేర్పలేదు.

అయితే దూబగుంట స్త్రీలు అడిగిన కారణంతో అడగవచ్చు. దెబ్బలు తిన్నవారి పక్షాన, ఆకలితో పడుకున్న పిల్లల పక్షాన అడగవచ్చు. ఎవరికీ హాని చేయరాదు, హానికి హాని బదులు కారాదు అన్నది ప్రవక్త (స) నేర్పిన సూత్రం. పీడితుడు ఏ మతం వాడైనా అతని పక్షం వహించడం మన బాధ్యత. భారత రాజ్యాంగం 47వ అధికరణం కూడా మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం ప్రయత్నించాలని చెబుతోంది. కనుక 'ఇతరులు తాగితే మనకేమిటి?' అన్న సోదరునికి జవాబు ఇది: తాగేవాని గొంతు అతనిదే కావచ్చు, అతని చేతి దెబ్బ మాత్రం వేరొకరి వీపు మీద పడుతోంది.

'నిషేధం చేసే పార్టీకే ఓటు' అన్న సోదరునికి చెప్పేది వేరు. ఓటు ఒక సాక్ష్యం అని మన పండితులు చెబుతారు. సాక్ష్యం ఒక్క మాట విని ఇవ్వరు. ఆ పార్టీ ఖజానాను వేరే దేనితో నింపుతుందో చెప్పిందా? గీత కార్మికునికి ఏ పని చూపుతుంది? ఏళ్ళ తరబడి తాగినవాడు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమణ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. వైద్యం ఏర్పాటు ఉందా? ఈ మూడింటికీ జవాబు లేని నిషేధం రెండేళ్ళ ముచ్చట అవుతుందని మన చరిత్రే చూపింది. ఓటింగుకు ముందు 48 గంటలు మద్యం దుకాణాలు మూయాలని ఎన్నికల చట్టం చెబుతుంది. 2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకూ ఇదే నియమం వర్తించింది. మత్తులో ఉన్నవాడు సరిగా తీర్పు చెప్పలేడని ప్రభుత్వమే ఆ రెండు రోజులు ఒప్పుకుంటుంది. మిగతా రోజులలో అదే మనిషి ఇంటికి పెద్దగా తీర్పులు చెబుతూనే ఉంటాడు.

ఫిల్మ్ నగర్ దగ్గరకు మళ్ళీ వస్తే, 1953లో వచ్చిన దేవదాసు నుండి నేటివరకు తెలుగు తెర మీద తాగుడుకు ఒక గౌరవం ఉంది. ప్రేమ విఫలమైతే సీసా, పెళ్ళి కుదిరితే సీసా. తాగుడును సమర్థించే, గొప్పగా చూపే దృశ్యాలు ఉండరాదని కేంద్రం 1991లో జారీచేసిన సెన్సారు మార్గదర్శకాలు చెబుతున్నా, తెర మూలన చిన్న అక్షరాల హెచ్చరికతో పని ముగుస్తోంది. మద్యం విషయంలో పది మంది శాపగ్రస్తులని హదీసులో ఉంది. తీసేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మి సొమ్ము తినేవాడు కూడా అందులో ఉన్నారు. బారు సెట్టు కట్టి రంగునీళ్ళ సీసాలు అమర్చే మన వడ్రంగి సోదరుడు ఆ పదిమందిలో లేడు. అయినా అతని మనసులో ముల్లు గుచ్చుకుంటే ఆ ముల్లు మంచిదే. వేరే పని దొరికే దారి చూపవలసినది జమాఅత్. దినబత్తా మీద బతికేవాన్ని ఫత్వాతో అదిలించి ఊరుకోవడం సులభం, అతని ఇంటి అద్దె ఎవరు కడతారో చెప్పడం కష్టం.

మస్జిదు కమిటీలు ఎన్నికల దాకా ఆగనవసరం లేదు. బస్తీలో లైసెన్సు లేకుండా కిరాణా కొట్టులో సీసాలు అమ్ముతుంటే పొరుగు స్త్రీలతో కలిసి ఫిర్యాదు చేయవచ్చు. వారు హిందువులైనా క్రైస్తవులైనా వారి బాధ మనకు తెలిసినదే. మాననేర్చని సోదరుని ఎర్రగడ్డ ఆసుపత్రికి వెంట తీసుకుపోవచ్చు, మొదటి వారం అతని ఇంటికి బియ్యం పంపవచ్చు. ఓటు అడగడానికి అభ్యర్థి వచ్చినప్పుడు, నిషేధం సంగతి తరువాత, ముందు ఈ వీధి చివర ఉన్న దొంగ దుకాణం సంగతి ఏమిటని అతన్ని అడగవచ్చు.