వానదేవుడే మాటకు సాక్షి

మహేశ్వరం మండలం రావిర్యాలలో ఔటర్ రింగు రోడ్డు దిగగానే ఆకాశం విశాలంగా పరుచుకుని కనబడుతుంది. ఒకపక్క వండర్‌లా, ఇంకోపక్క చెరువు, పడమటి దిక్కున శంషాబాద్ విమానాశ్రయం. ముంగారు మబ్బు అటువైపు నుంచే కమ్ముకొస్తుంది. ఉరుము గట్టిగా ఉరిమితే పెద్దావిడ పిల్లల్ని దగ్గరికి తీసుకుని ‘అర్జునా, ఫల్గుణా’ అనిపిస్తుంది. 2008లో విమానాశ్రయం వచ్చింది, చుట్టుపక్కల భూముల ధరలు ఎక్కడికో పోయాయి. తెలుగువాళ్లు ఉరుముకు అర్జునుణ్ని తలుచుకోవడం మాత్రం పోలేదు.

పిడుగు ఇంద్రుడి ఆయుధం. అర్జునుడు ఆయన కొడుకు. కొడుకు పేరు పలికినవాళ్ల మీద తండ్రి చెయ్యెత్తడని నమ్మకం. ఈ రెండూ కలిసిన తన పది పేర్లనూ అర్జునుడు జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడికి చెప్పుకుంటాడు, విరాటపర్వంలో. ఆ పర్వం సంగతి మళ్లీ వస్తుంది.

మనకు ఇంద్రుడెలాగో, ప్రాచీన రోమన్లకు పిడుగు పట్టిన దేవుడు జూపిటర్. దేవతలకు రాజు, పక్కన గద్ద. రోమ్ నగరంలో కాపిటోలిన్ కొండ మీద ఆయన గుడిని క్రీ.పూ. 509 సెప్టెంబరు 13న ప్రతిష్ఠించారని అక్కడి సంప్రదాయం. ఆయనకు ఇరువైపులా జూనో, మినర్వా. యుద్ధం గెలిచి వచ్చిన సేనాని ఊరేగింపుగా ఆ కొండెక్కి ఆయనకే మొక్కు చెల్లించుకునేవాడు. రుగ్వేదంలోని ద్యౌష్పితకూ జూపిటర్‌కూ చుట్టరికం ఉందని పండితులు ఎప్పుడో తేల్చారు. పొలం దున్నేవాడి నమ్మకంలో కనబడే చుట్టరికం అంతకన్నా దగ్గరిది.

ఆ దేవుడి ఆనవాళ్లు తెలంగాణ నేలకు రెండు వేల ఏళ్ల కిందటే చేరాయి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువగా కనబడే రకం ఒకటుంది. ఒకవైపు అగస్టస్ చక్రవర్తి తల. రెండోవైపు ఆయన దత్తపుత్రులు గాయస్, లూషియస్, వాళ్ల మధ్య డాళ్లు, ఈటెలు. ఆ పైన, జాగ్రత్తగా చూస్తే తప్ప ఆనవు, పూజలో వాడే చిన్న గరిటె, కొస వంకర తిరిగిన కర్ర. ఆ కర్ర శకునం చూసే పూజారిది. దానితో ఆకాశాన్ని భాగాలుగా గీసి, ఏ పక్షి ఏ భాగంలో ఎగిరిందో చూసి, తలపెట్టిన పనికి జూపిటర్ సరేనన్నాడో లేదో చెప్పేవాడు. మిరియాలకూ బట్టలకూ బదులుగా వచ్చిన వెండి మీద ఆకాశదేవుడి పూజాద్రవ్యం అచ్చయి ఉంది.

ఇక వాన. అనావృష్టి వస్తే రోమన్లు ఊరి కపేనా ద్వారం బయట, మార్స్ గుడి దగ్గర ఉండే ఒక రాయిని నగరంలోకి తెచ్చి ఊరేగించేవారు. నీరో చక్రవర్తి కాలంలో పెట్రోనియస్ రాసిన ‘సాటిరికాన్’లో గానిమీడ్ అనే మామూలు మనిషి విందులో కూర్చుని కరువు గురించి వాపోతాడు. రొట్టె ధర పెరిగింది, రొట్టెలవాళ్లూ అధికారులూ కుమ్మక్కయ్యారు, వాన లేదు. ఒకప్పుడు ఆడవాళ్లు మంచి బట్ట కట్టుకుని, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా, మనసులో మలినం లేకుండా కొండెక్కి జూపిటర్‌ను నీళ్లడిగేవారట. వెంటనే కడవలతో గుమ్మరించినట్టు వాన పడేదట. ఇప్పుడు ఆకాశాన్ని నమ్మేవాడు లేడు కాబట్టి పొలాలు పడావు పడ్డాయంటాడు. అదే ఊపులో సఫీనియస్ అనే పెద్దమనిషిని తలుచుకుంటాడు. చీకట్లో వేళ్ల లెక్క ఆట ఆడినా మోసం చెయ్యడని నమ్మదగ్గ మనిషి. నవ్వించడానికి రాసిన పుస్తకమే, కానీ ఆ బాధ నిజమైనది. నిజాయితీ ఉన్న రోజుల్లో వాన ఉండేదన్నది అతని గట్టి నమ్మకం.

తెలంగాణ పల్లెల్లో ఈ దృశ్యం ఎరగనివాళ్లు తక్కువ. వాన మొహం చాటేస్తే పిల్లలు రోకలి మధ్యలో వేపమండలు చుట్టి, బట్టలో కప్పను కట్టి, ఇద్దరు చెరో కొసా భుజానికెత్తుకుని కప్పతల్లి ఆడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ఇల్లాలు బిందెడు నీళ్లు తెచ్చి కప్ప మీద, పిల్లల మీద పోస్తుంది, చాటలో బియ్యమో పప్పో పెడుతుంది. కొన్ని ఊళ్లలో వరదపాశం చేస్తారు. బెల్లం వేసి వండిన పాయసాన్ని కడిగిన బండ మీద పోసి, చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి నాకుతారు. గొడ్డూ మనిషీ ఒకటే అని ఆకాశానికి చెప్పుకునే విన్నపమది. ఊరి పెద్ద కూడా ఆ బండ ముందు అలాగే వంగాలి. శివుడికి సహస్ర ఘటాభిషేకం, ఆషాఢంలో చెప్పుల్లేకుండా బోనమెత్తడం ఈ వరసలోవే.

అన్నిటికన్నా లోతైనది విరాటపర్వం చదివించడం. గుళ్లో నాలుగు రోజులు పురాణం పెట్టి ఆ పర్వం పూర్తి చేయిస్తే వాన పడుతుందని తెలుగునాట తరాల నమ్మకం. ఎందుకు ఆ పర్వమే? అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల కోసం దుర్యోధనుడి వేగులు దేశాలన్నీ గాలించి ఉత్తచేతులతో తిరిగొస్తారు. అప్పుడు భీష్ముడు ఒక గుర్తు చెబుతాడు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు కురుస్తాయి, పంటలు పండుతాయి, ఆవులు పాలిస్తాయి, జనం అబద్ధమాడరు. ధర్మరాజు జాడ తెలియడానికి వానే ఆధారం. పదమూడో శతాబ్దంలో తిక్కన తెలుగు భారతాన్ని అందుకుంది ఈ పర్వంతోనే. కరువు వచ్చిన ఊరు విరాటపర్వం చదివించుకుంటుందంటే మబ్బుల్ని బతిమాలుకోవడం ఒక్కటే కాదు, ఆ ఊళ్లో మాట మీద నిలబడేవాళ్లున్నారా అని తనను తాను ప్రశ్నించుకోవడం కూడా.

రోమన్ల దగ్గరా ఇంతే. వానిచ్చే జూపిటరే ఒట్టుకు సాక్షి. ఆ కొలువులోని ప్రమాణాల దేవుడు డియస్ ఫిడియస్ మీద ఒట్టు వేయాలంటే ఇంటి కప్పు కింద వేయకూడదు, ఆకాశం కనబడే చోటికి రావాలి. సంధి చేసుకునేటప్పుడు పూజారి చెకుముకి రాతితో పందిని కొట్టేవాడు. రోమన్లు ముందుగా మాట తప్పితే జూపిటర్ వాళ్లను ఇలాగే కొట్టాలని పలికేవాడు. మన పల్లెల్లో తగువు తెగకపోతే కోనేట్లో మునిగి తడిబట్టలతో గుడి ముందు ప్రమాణం చేయిస్తారు. చిత్తూరు జిల్లా కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాలకు పేరుపడ్డ దేవుడు. ఆయన వెలసింది బావిలో, నీటి నడుమ. అబద్ధమాడినవాణ్ని ‘నీ నెత్తిన పిడుగు పడ’ అని తిట్టే నోటికీ ఆ రోమన్ పూజారి నోటికీ తేడా లేదు.

కాపిటోలిన్ గుడి కట్టేముందు అక్కడున్న పాత దేవతలందర్నీ వేరే చోటికి పంపించారని, హద్దుల దేవుడు టెర్మినస్ మాత్రం కదలనన్నాడని రోమన్ల కథ. అందుకని ఆయన రాయిని జూపిటర్ గుడిలోనే ఉంచి, దాని పైన ఆకాశం కనబడేలా కప్పులో కంత వదిలారు. ఏటా ఫిబ్రవరి 23న పక్కపక్క పొలాలవాళ్లు హద్దురాయి దగ్గర కలిసి చెరో వైపు నుంచి పూలదండ వేసేవారు. హద్దురాయిని దున్ని పెకిలించినవాడూ వాడి ఎడ్లూ శాపగ్రస్తులన్నది వాళ్ల పాత చట్టం. గెట్టు పంచాయితీలు ఎరిగిన తెలంగాణ రైతుకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఊరి నడిబొడ్డు రాయికి చేసే బొడ్రాయి పండుగకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లుతారు. ఆ రోజు ఊరు తన హద్దును మళ్లీ గుర్తుచేసుకుంటుంది.

2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఔటర్ రింగు రోడ్డు లోపలి చెరువుల నిండు నీటిమట్టపు ఎఫ్‌టీఎల్ హద్దుల మాట టీకొట్టు దగ్గర కూడా వినబడుతోంది. వాన ఎంత కురిసినా నిలిచేది ఆ హద్దు లోపలే. కప్పతల్లి ఆడిన పిల్లలు నీళ్లు కోరేది ఆ చెరువు కోసమే. చెరువు శిఖం భూమిలో హద్దురాయిని రాత్రికి రాత్రి జరిపినవాడు వరుణయాగానికి పెద్ద చందా రాయించుకుంటే, విరాటపర్వం చదవబోయే పంతులుగారూ ఊరి పెద్దలూ రసీదు చింపేముందు ఆ రాయి ఎక్కడుందని అడగాలి.