చూసినదే రాయనివ్వండి



వేసవి సెలవులలో పిల్లలను సైన్సు శిబిరాలకు పంపుతున్నారు, సంతోషమే. అక్కడ దారానికి రాయి కట్టి ఊపిన పిల్లవాడికి వచ్చిన అంకె పుస్తకంలోని అంకెతో కలవకపోతే? "దిద్దెయ్యరా" అంటాం. జవాబు ముందు పెట్టుకుని రీడింగులు తయారు చేయడం మన కళాశాలల్లోనూ ఉన్నదే కదా!

మధ్యప్రదేశ్‌లో 1972లో 16 పాఠశాలలలో మొదలై 2002 వరకు సాగిన హోషంగాబాద్ విజ్ఞాన బోధనలో పిల్లలు ప్రయోగం చేసి, తాము చూసినదే రాసుకునేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు. అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టింది అక్కడే.

మన తలంపు వస్తువుతో సరిపడటమే సత్యమని తత్వశాస్త్రం చెబుతుంది. అంకె దిద్దిన పిల్లవాడు వస్తువును విడిచి పెద్దల ముఖం చూడటం నేర్చుకుంటాడు. ఇది చిన్న అబద్ధమని నేననుకోను. కలవని అంకె కనబడితే, దారం పొడవు రాయి నడిమి వరకు కొలిచాడో, ముడి వరకే కొలిచాడో అడగండి.