బిడ్డ పేర వేసెడు అడుగులు

బిడ్డను పోగొట్టుకొన్న తలిదండ్రులు ఆ బిడ్డ పేర బహుదూరము నడచి, ఆ నడకను పురస్కరించుకొని దాతలొసగిన ధనమును ధర్మకార్యమునకు సమర్పించు ఆచారము నేడు పెక్కు దేశములలో కన్పట్టుచున్నది. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోవు బాటపై ఒక తండ్రి ఇట్టి సంకల్పముతో బయలుదేరెననుకొనుడు. ఊరి పెద్ద ఒకడు తప్పక ప్రశ్నించును: "ధర్మము చేయదలచినచో ఇంటనుండియే చేయరాదా? శోకమును వీధికెక్కించనేల?" ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు.

వీరశైవమున మరణించినవారిని లింగైక్యులందురు. బసవాది శరణులు మృతసూతకమును అంగీకరింపలేదు. లింగమున ఐక్యమైన బిడ్డకు ఇక ఎవరి పుణ్యమును అక్కరలేదు. కావున ఆ నడక బిడ్డకు సద్గతి కూర్చుటకు కాదు. మరి ఎవరి కొరకు?

పాల్కురికి సోమనాథుని బసవపురాణమునందలి సిరియాలుని కథ ఎరుగని వీరశైవ గృహముండదు. జంగమరూపుడై వచ్చిన శివునకు కన్నకొడుకునే అర్పించిన ఆ భక్తుడు తుదకు పేరెత్తి పిలువగా బాలుడు పరుగున వచ్చెను. సామాన్యుని పిలుపునకు అట్టి బదులు రాదు. బదులు రాని ఆ పిలుపును కొందరు గొంతులోనే అణచుకొందురు. కొందరు పరుల బిడ్డల వైపు మరల్తురు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దంపతులు 1884లో తమ ఏకైక కుమారుని పదునైదేండ్ల ప్రాయమున టైఫాయిడ్ జ్వరమునకు కోల్పోయిరి. వాని పేర వారు నెలకొల్పిన విశ్వవిద్యాలయము 1891లో ప్రారంభమయ్యెను.

అంతటి సంపద లేనివాడు ఏమి ఈయగలడు? వానికున్నది కాయము. కాయమును శ్రమింపజేసి, ఫలమును సమాజమునకు అర్పించుటయే బసవేశ్వరుడు బోధించిన కాయక దాసోహములు. ఇంటనుండి ఇచ్చిన దానము ఒక్క చేతితో ముగియును. బాటపై నడచువాడు ఊరూర మరికొన్ని చేతులను కదలించును. ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుండి శ్రీశైలమునకు నడచిపోవు భక్తులకు దారిపొడవున అన్నమును, నీరును అందించువారిని చూచినవారికి ఈ మాట విశదమగును.

అయినను పెద్ద సంశయమున సత్యము లేకపోలేదు. పాదముల పొక్కులు పుణ్యమునకు కొలత కావు. "నేనిచ్చితిని, నేను నడచితిని" అను భావము చేరిన క్షణముననే దాసోహము చెడును. బిడ్డ పేరు తండ్రి కీర్తికి పతాకగా మారును. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరి తెచ్చినప్పుడు, అతని భార్య లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. మంచిపని యందును హద్దు కలదని ఆ ఇల్లాలు చూపినది. దాతల సొమ్మునకు పైసాపైసా లెక్క చెప్పుటయు ఆ హద్దులోనిదే.

ఇక నిజమైన పరీక్ష నడక ముగిసిన మరునాడు మొదలగును. తీవ్రమైన తలసేమియాతో జన్మించిన బిడ్డకు రెండు నుండి నాలుగు వారములకొకసారి రక్తమెక్కించవలెను. ఒకనాటి ఊరేగింపు ఆ బిడ్డకు చాలదు. ఎల్లారెడ్డి చేరిన ఆ తండ్రి వెంట పదిమంది రక్తదాతలు నిలిచి, నెలనెలా వంతులవారీగా వచ్చుచుండినచో, ఆ నడక కాయకమగును. అప్పుడు ఒక తల్లి తన బిడ్డను పేరెత్తి పిలువగా, ఆ బిడ్డ "అమ్మా" యని బదులు పలుకును. ఆ బదులు వెనుక ఎవరి బిడ్డ పేరున్నదో ఆమె ఎరుగకపోయినను లోపము లేదు.